హామిల్టోనియన్‌లో స్పిన్ పదం లేకున్నా శక్తి మారుతుంది

"సమాంతర స్పిన్లు అయస్కాంతాల్లా పనిచేయడం వల్లే ట్రిప్లెట్ శక్తి తగ్గుతుంది" అని వ్యాసంలో రాశారు. అది సరికాదండీ. స్పిన్ అంటే ఎలక్ట్రాన్‌కు సహజంగా ఉండే కోణీయ ద్రవ్యవేగం; రెండు ఎలక్ట్రాన్ల స్పిన్లు సమాంతరంగా ఉంటే ట్రిప్లెట్ స్థితి, వ్యతిరేకంగా ఉంటే సింగ్లెట్ స్థితి. అమలాపురంలో డిగ్రీ పిల్లలకు ఈ పాఠం చెబుతుంటాను, చాలామంది సరిగ్గా ఇక్కడే తికమకపడతారు.

మామూలు హామిల్టోనియన్‌లో (మొత్తం శక్తిని తెలిపే ఆపరేటర్) గతిశక్తి, కూలుంబ్ (విద్యుదావేశాల ఆకర్షణ, వికర్షణ) పదాలే ఉంటాయి, స్పిన్ ఊసే ఉండదు. అందుకే అది మొత్తం స్పిన్‌ను, ఒక దిశలో దాని భాగాన్ని తెలిపే ఎస్ స్క్వేర్, ఎస్ జెడ్ ఆపరేటర్లతో కమ్యూట్ అవుతుంది, అంటే ఏ వరుసలో ప్రయోగించినా ఫలితం ఒకటే. సింగ్లెట్, ట్రిప్లెట్ అని స్థితులకు పేర్లు పెట్టగలుగుతున్నది కూడా అందుకే.

మరి శక్తిలో తేడా ఎక్కడిది? రెండు ఎలక్ట్రాన్లను తారుమారు చేస్తే మొత్తం తరంగ ప్రమేయం (ఎలక్ట్రాన్ల స్థితిని వర్ణించే ప్రమేయం) గుర్తు మారాలన్నది పౌలీ నియమం. ట్రిప్లెట్‌లో స్పిన్ భాగం గుర్తు మారదు, కాబట్టి స్థాన భాగం మారి తీరాలి. దాంతో రెండు ఎలక్ట్రాన్లూ ఒకే బిందువు దగ్గర దొరికే సంభావ్యత సున్నా. సింగ్లెట్‌లో ఈ అడ్డు లేదు, కాబట్టి రెండు స్థితుల కూలుంబ్ శక్తి వేరవుతుంది. హీలియంలో ఒక ఎలక్ట్రాన్ 1ఎస్ ఆర్బిటాల్‌లో, మరొకటి 2ఎస్‌లో ఉన్నప్పుడు సింగ్లెట్, ట్రిప్లెట్ స్థితుల మధ్య ఉండే సుమారు 0.8 ఎలక్ట్రాన్ వోల్టుల తేడా ఇలా కూలుంబ్ బలాల నుంచే వస్తుంది. స్పిన్ల అయస్కాంత ప్రభావం అందులో వెయ్యో వంతు కూడా ఉండదు.

మన భీమవరం చెరువుల్లో ఏరేటర్లు నీళ్లలో కలిపే ఆక్సిజన్ కూడా ట్రిప్లెట్టే. దాని సింగ్లెట్ స్థితి 0.98 ఎలక్ట్రాన్ వోల్టుల పైన ఉంది.

వ్యాసంలోని ఆ అయస్కాంతాల వాక్యం ఒక్కటి సరిచేయండి, పరీక్షలకు చదివే పిల్లలు దాన్నే బట్టీ పడతారు.