పోలియో లెక్క ఫ్లూకు చెల్లదు

చలిగాలి తిరిగితే చాలు, వేదికలెక్కినవారికి ఒకటే పాట: మశూచిని సాగనంపాం, పోలియోను సాగనంపాం, ఇక ఫ్లూ వంతు. చప్పట్లు పడతాయి. నెరవేరదని తెలిసీ ఈ హామీ ఇస్తుండటమే మా అభ్యంతరం.

మశూచికి మనిషి తప్ప వేరే గూడు లేదు. ఒంటిమీది పొక్కులే రోగిని పట్టిచ్చేవి. టీకా వేస్తే ఏళ్ల తరబడి కాచేది. అందుకే 1980లో దాని పీడ విరగడైంది. ఫ్లూ లక్షణాలు కనబడటానికి ఒక రోజు ముందే అంటుకుంటుంది. మామూలు రొంపో ఫ్లూనో చూపుతో తేలదు. ఫ్లూలో ‘ఎ’ (A) రకం వైరస్‌కు అసలు నెలవు అడవి బాతులు, నీటి పక్షులు. దాని జన్యువు ఎనిమిది ముక్కలు. రెండు వైరస్‌లు ఒకే జీవిలో కలిస్తే ముక్కలు తారుమారై కొత్తది పుడుతుంది. 1957, 1968, 2009 మహమ్మారులు అలా వచ్చినవే. ఖండాలు దాటే పక్షులకు టీకా వేసేదెవరు? శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురానికి వలసవచ్చే పెలికాన్లను తరమమని కాదు సుమా, ఆ ఊరు ఊరుకోదు.

‘బి’ (B) రకం ఫ్లూలో యమగాటా అనే శాఖ 2020 మార్చి తర్వాత కనబడలేదు కదా అంటారు. నిజమే. అది మనుషుల్లో తిరిగే రకం. బాతుల్లో తలదాచుకునే ‘ఎ’ రకానికి ఆ లెక్క వర్తించదు.

నిర్మూలన మాటెత్తేవారు ముందు నమూనా సంగతి చెప్పాలి. జ్వరం మొదలైన మూడు నాలుగు రోజుల్లోనే ముక్కు, గొంతు నుంచి తీయాలి. నమూనా తీసే పుల్ల ప్లాస్టిక్‌ది, కొస పాలిస్టర్‌ది కావాలి. చెక్కపుల్లకు చుట్టిన దూది వైరస్ జన్యువును పట్టే పీసీఆర్ పరీక్షనే చెడగొట్టవచ్చు. వైరస్ చెడకుండా కాచే ద్రవం (వైరల్ ట్రాన్స్‌పోర్ట్ మీడియం) ఉన్న గొట్టంలో వేసి, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఐస్‌ప్యాకులతో 72 గంటల్లోపు ల్యాబుకు చేర్చాలి. ఆలస్యమవుతోందని మైనస్ 20 ఫ్రీజర్‌లో పడేస్తే వైరస్ దెబ్బతింటుంది. దాచాలంటే మైనస్ 70 కావాలి. మెళియాపుట్టి కొండగూడెంలో తీసిన గొట్టం దారిలోనే వేడెక్కిపోతే తీసిన శ్రమంతా దండగ. చీటీ మీద ‘వైరల్ ఫీవర్’ అని రాసి, పారాసెటమాల్ చేతిలో పెట్టి పంపేస్తే అసలు ఏ రకం తిరుగుతోందో ఎవరికి తెలుస్తుంది? 48 గంటల్లో మొదలుపెడితే బాగా పనిచేసే ఫ్లూ మందు ఒసెల్టామివిర్ గర్భిణికి, ఆయాసం ఉన్న ముసలివారికి అందేదెప్పుడు?

సార్వత్రిక టీకాల జాబితాలో ఫ్లూ టీకాకు చోటే లేదు. అవ్వకు సూది వేయలేనివారు ప్రపంచం నుంచే వైరస్‌ను ఊడ్చేస్తామంటారా? ఈసారి మైకు పట్టుకునే ముందు మీ మండలం పీహెచ్‌సీకి వెళ్లి రండి. నమూనా గొట్టాలు ఎన్నున్నాయో, వాటి గడువు ఎప్పుడు తీరిందో చూసి మరీ మాట్లాడండి.