ప్రమాదం లేని రోజులు: 412

22 ఏళ్లు ఫార్మా ప్లాంట్లలో సేఫ్టీ ఆఫీసరుగా చేశాను. నా హయాంలో రికార్డుకెక్కిన ప్రమాదం ఒక్కటంటే ఒక్కటి లేదు. రికార్డు రాసింది నేనే. మొన్న సన్మాన పత్రంలో మొదటి వాక్యం వేశారు గానీ రెండోది ఎందుకో వదిలేశారు.

మార్చి వచ్చిందంటే మా వృత్తివాళ్లకు పండగ. జాతీయ భద్రతా మండలి పుట్టింది 1966 మార్చి 4న. అందుకని ఏటా ఆ రోజు మొదలుపెట్టి పదో తారీఖు దాకా భద్రతా వారోత్సవాలు. పదకొండు నుంచి ప్రమాదాలు యథావిధిగా డ్యూటీ ఎక్కుతాయి. ఈ వారంలో మేం పడే కష్టం బయటివాళ్లకు తెలియదు. స్లోగన్ల పోటీ, పోస్టర్ల పోటీ, క్విజ్జు, ముగ్గుల పోటీ. ముగ్గులెందుకు సార్ అని కొత్తగా చేరిన కుర్రాడొకడు అడిగాడు. ముగ్గు మధ్యలో హెల్మెట్ వేస్తారు నాయనా అన్నాను. నోరు మూసుకున్నాడు. పైకొస్తాడు.

చివర్న ప్రతిజ్ఞ, ఇంగ్లీషులో. చేతులు చాచి నిలబడ్డవాళ్లలో సగం మంది ఒడిశా నుంచీ బిహార్ నుంచీ వచ్చిన కాంట్రాక్టు కూలీలు. భద్రత తమ బాధ్యతేనని వాళ్లు గట్టిగా ఒప్పుకున్నారు. ఏం ఒప్పుకున్నారో తెలియకపోతేనేం, ఫొటోలు బాగా వచ్చాయి.

ఇక శాస్త్రం. ప్రమాద నివారణకు ఐదు మెట్లు. అన్నిటికన్నా పైది, ప్రమాదకరమైన పదార్థాన్నే మానెయ్యడం. కుదరకపోతే దాని బదులు కాస్త తక్కువ ప్రమాదకరమైనది వాడటం. అదీ కాకపోతే యంత్రానికి గార్డు, ఇంటర్‌లాక్, ఆవిర్లు లాగేసే ఏర్పాటు. నాలుగోది రూల్సూ శిక్షణా. ఇక గత్యంతరం లేనప్పుడు హెల్మెట్టు, గ్లవుజులు, మాస్కు. మా సేఫ్టీ ఆఫీసర్ల సంఘంలో నిద్రలో లేపి అడిగినా ఎవరైనా అప్పజెప్తారు. కాకపోతే పై మూడింటికీ బడ్జెట్ కావాలి, కింది రెండింటికీ ఫ్లెక్సీ చాలు. అయినా మెట్లు ఎవరైనా కింది నుంచే కదా ఎక్కుతారు! మేమూ అట్టడుగు మెట్టు మీద కాలు పెట్టాం. గ్లవుజుల మెట్టు. కాస్త ఆయాసం తీర్చుకుందామని ఆగాం. నా సర్వీసంతా ఆ ఆయాసంలోనే గడిచింది. చేతులు కాలాక ఆకులు పట్టుకునే కాలం పోయింది, మేం కాలకముందే గ్లవుజులిస్తున్నాం. మూడు నెలలకో జత.

దీనికి ప్రామాణిక గ్రంథం కూడా ఉంది. 1931లో హైన్రిక్ అనే అమెరికన్ బీమా ఉద్యోగి ప్రమాదాల్లో 88 శాతం పనివాళ్ల తప్పుల వల్లేనని లెక్క తేల్చాడు. ఆయన ముందున్న కాగితాలు చాలామటుకు యజమానుల తరఫువాళ్లు రాసిచ్చినవి. "గార్డు నేనే పీకించాను" అని ఏ ఫోర్‌మన్ రాస్తాడు? అవన్నీ మాకనవసరం. దాదాపు వందేళ్లుగా ఆ అంకెను కళ్లకద్దుకుంటున్నాం. 2025 దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టంలో ప్రమాదం జరిగితే నోటీసు ఇవ్వాలనే సెక్షను కూడా 88వదే. అచ్చొచ్చిన అంకె.

ఆ సెక్షను అందం చెప్పాలి. చనిపోతే సరే, లెక్కే. గాయమైతే మాత్రం 48 గంటలు పనికి రాలేని స్థితి ఉండాలి. ఒకసారి ఓ కుర్రాడి వేలు సెంట్రిఫ్యూజ్ (గిర్రున తిరిగి ద్రవాన్నీ గట్టి పదార్థాన్నీ వేరుచేసే మిషను) మూత కింద పడి నుజ్జయింది. మూత తెరిస్తే మిషను ఆగిపోయేలా ఇంటర్‌లాక్ ఉండేది. బ్యాచ్ ఆలస్యమవుతోందని ఎవరో దాన్ని బైపాస్ చేశారు. ఎవరో అంటే, చెప్పింది ప్లాంట్ హెడ్, తీగ కలిపింది ఎలక్ట్రీషియను, చూడనట్టు నడిచి వెళ్లింది నేను. విచారణ కమిటీ వేసి మూలకారణం పట్టుకున్నాం: కార్మికుడి అజాగ్రత్త. దిద్దుబాటు చర్య: కార్మికుడికి కౌన్సెలింగ్. మర్నాడు పొద్దున్నే వాడి గదికి కంపెనీ కారు పంపి, కట్టుతో సహా తెచ్చి టైమ్ ఆఫీసులో ఏసీ కింద కూర్చోబెట్టాం. ఎడమచేత్తో హాజరు సంతకం పెట్టించాం. వారం పాటు వాడి పని ఆ కుర్చీ. గేటు దగ్గర 'ప్రమాదం లేని రోజులు: 412' అని ఉన్న బోర్డు 413 అయింది. ఆ అంకె మార్చే పని కూడా వాడికే ఇచ్చి ఉండాల్సిందని ఇప్పుడనిపిస్తోంది.

నేనే సంతకం పెట్టకుండా ఉండొచ్చుగా అంటారేమో. పని మొదలెట్టడానికిచ్చే పర్మిట్ మీద నా సంతకం నేనాపితే, నా ఇంక్రిమెంటు మీద ప్లాంట్ హెడ్ తన సంతకం తానాపుతాడు. ఈ ఒక్క మెట్టు ఆ ఐదింటిలో లేదు.

ఈ ఏడాది మా సంఘం సదస్సు విశాఖలో, బీచ్ రోడ్డులోని పెద్ద హోటల్లో. అత్యవసర ద్వారం ముందు బఫే బల్ల. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురాన్ని పక్కనున్న ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరిన్ ఆవిరి కమ్మి 12 మంది ప్రాణాలు పోయిన సంగతి ఎవరో ఎత్తారు. 36 చోట్ల సైరన్ మీటలున్నా ఒక్కటీ నొక్కలేదని అప్పటి ప్రభుత్వ కమిటీ రాసింది. ముప్పై ఏడోది పెట్టించాలని ఓ పెద్దాయన ప్రతిపాదించారు. చప్పట్లు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో పోయిన 17 మందికీ, 2025 జూన్ 30న పాశమైలారంలో పోయినవాళ్లకూ కలిపి రెండు నిమిషాల మౌనం పాటించాం. మౌనంలో మాకంత అనుభవం ఉండగా రెండు నిమిషాలకే ఎందుకు కుదించారో తెలియదు.

మధ్యాహ్నం, ఆ ఫ్యాక్టరీల చట్టం స్థానంలో వచ్చిన కొత్త వృత్తి భద్రతా కోడ్ మీద పాఠం. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. కరెంటు వాడేచోట 10 మంది పనిచేస్తే ఫ్యాక్టరీ అనేవాళ్లు, ఇకమీదట 20 మంది ఉండాలి. ఇన్‌స్పెక్టరు గారు ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్, అంటే తనిఖీతో పాటు సాయం కూడా చేసిపెట్టేవారు అయ్యారు. అన్నేసి షెడ్లను ఫ్యాక్టరీల లెక్కలోంచి ఒక్క కలంపోటుతో తప్పించడం చూసి, ఒక్క వేలు దాచడానికి కారు పంపిన నాకు సిగ్గేసింది.

సరిగ్గా అప్పుడే వేదిక మీద 'భద్రతే ప్రథమం' ఫ్లెక్సీ ఒక కొస ఊడింది. ఓ పదిహేడేళ్ల కుర్రాడు బల్ల మీద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఎక్కాడు. కింద వక్తగారు ఎత్తులో పని, బెల్టు ఆవశ్యకత గురించి చెబుతున్నారు. కుర్చీ కాలు బల్ల అంచు దాటింది. కుర్రాడు ఫ్లెక్సీ పట్టుకుని వేలాడి, ఎలాగో నిలదొక్కుకున్నాడు. తాడు కట్టి దిగిపోయాడు.

మాకు నెలకు పది నియర్ మిస్‌లు, అంటే త్రుటిలో తప్పిన ప్రమాదాలు, రాయాలని టార్గెట్. సన్మానమైనా అలవాటు పోలేదు, పైగా ఈ నెల ఎవరికో ఒకటి తక్కువ పడుతోందని విన్నాను. ఫారం తెచ్చుకుని రాయబోతుంటే సంఘం కార్యదర్శి వెనకనుంచి వంగి చూశాడు.

"ఆ అబ్బాయి హోటల్ మనిషా అండీ, మన మనిషా?"

"రెండూ కాదు. ఫ్లెక్సీ వాళ్ల దగ్గర రోజుకూలీ."

"అయితే కొట్టేయండి సార్. మిస్సు సంగతి అలా ఉంచండి, మనకసలు నియరే కాదు."

కొట్టేశాను.