నైరోబీకి సలహా, కర్నూలుకు షూరిటీ

కర్నూలు రాజ్‌విహార్ సెంటరులో కొన్నాళ్లుగా ఒక ఫ్లెక్సీ వెలసి ఉంది. అందులో కోటు తొడుక్కున్న ఒక విశ్రాంత బ్యాంకు మేనేజరు గారు చేతులు కట్టుకుని చిరునవ్వు నవ్వుతుంటారు. ఆయన వెనుక ఒక సింహం, సింహం వెనుక ఒక జిరాఫీ, అన్నిటికీ పైన "అంతర్జాతీయ చిన్న వ్యాపారాల సలహాదారు, స్వచ్ఛంద సేవా శిరోమణి" అనే బంగారు రంగు అక్షరాలు ఉంటాయి. ఆయన కెన్యా వెళ్లి, నైరోబీలోని చిల్లర వ్యాపారులకు రెండు వారాలు ఉచితంగా సలహాలు చెప్పి తిరిగి వచ్చిన సందర్భంగా మిత్రబృందం దీన్ని కట్టించింది. కర్రలు పాతడానికి చోటు చాలక, అక్కడ ఉగ్గాని అమ్ముకునే ఆమె బండిని నాలుగడుగులు వెనక్కి, అంటే సరిగ్గా మురుగుకాలువ మీదికి, జరిపారు. చిన్న వ్యాపారాల అభివృద్ధి కోసం ఆ మాత్రం త్యాగానికి ఎవరో ఒకరు సిద్ధపడక తప్పదు.

ఈ రకం సేవ కొత్తదేమీ కాదు. అమెరికాలో 1964లో ఇంటర్నేషనల్ ఎగ్జిక్యూటివ్ సర్వీస్ కోర్, నెదర్లాండ్స్‌లో 1978లో పీయూఎం, జర్మనీలో 1983లో సీనియర్ ఎక్స్‌పర్టెన్ సర్వీస్ పుట్టాయి. ఉద్యోగ విరమణ చేసిన నిపుణులు పరాయి దేశాలకు వెళ్లి, జీతం తీసుకోకుండా తమకు వచ్చిన పని నేర్పి రావడం వాటి పద్ధతి. ముప్పై ఏళ్లు రొట్టెల భట్టీ నడిపిన మనిషి మరో ఊరి బేకరీలో నిలబడి పొయ్యి వేడి గురించి చెబితే వినవలసిందే. మన మేనేజరు గారు ముప్పై ఏళ్లు నడిపింది "రేపు రండి" అనే ఒక్క మాటను. అయినా ఆయనను పిలిచిన సంస్థ వారు ఆ అనుభవాన్ని గుర్తించి, రుసుము కట్టించుకుని మరీ పంపారు. ఆయన సేవాభావం సరిగ్గా ఆగస్టులోనే పొంగడానికీ, కెన్యాలోని మసాయిమారా అభయారణ్యంలో వైల్డ్‌బీస్ట్ మందలు నది దాటేది ఆ రోజుల్లోనే కావడానికీ ఏ సంబంధమూ లేదని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను.

అక్కడ ఆయన బోధించిన మొదటి పాఠం, ఫోను ద్వారా డబ్బు పుచ్చుకోవడం. కెన్యాలో ఎం-పెసా 2007లోనే మొదలైంది. కూరగాయలమ్మే ఆడవాళ్లు మామూలు బటన్ ఫోనులో డబ్బు పంపుకుంటూ, అందుకుంటూ ఉన్న ఆ రోజుల్లో మన మేనేజరు గారి శాఖలో పాసుపుస్తకం ముద్రించే యంత్రం చెడిపోయి ఉండేది. మనకు యూపీఐ వచ్చింది 2016లో. రెండవ పాఠం, పదిమంది కలిసి పొదుపు చేసుకోవడం. కెన్యా ఆడవాళ్లు 'చామా' పేరుతో దాన్ని ఏనాటి నుంచో చేస్తున్నారు. పొదుపు సంఘం ఎలా నడుస్తుందో ఆయన చూడదలిస్తే విమానం ఎక్కనక్కరలేదు, ఇక్కడికి దగ్గరలోనే ఓర్వకల్లు మహిళలు ఉన్నారు, ఆర్టీసీ బస్సు పోతుంది. ఇక మూడవ పాఠం, భారతీయుల వ్యాపార మెళకువలు. గుజరాతీల దుకాణాలను నూరేళ్లకు పైగా ఎదురుగా చూస్తున్న నైరోబీ ప్రజలు ఈ పాఠాన్ని ఎంత ఓపికతో విని ఉంటారో తలచుకుంటే ఆ జాతి సంస్కారానికి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

ప్రయాణానికి ముందు స్థానిక వ్యాపారితో అభ్యాసం చేసి, వీడియో పంపాలని సంస్థ వారి నిబంధన. అందుకని ఒకనాటి ఉదయం మేనేజరు గారు మేనల్లుడి చేతికి ఫోను ఇచ్చి, ఆ ఉగ్గాని బండి ముందే నిలబడ్డారు. నేను ప్లేటు పట్టుకుని పక్కనే ఉన్నాను.

"అమ్మా, మీ వ్యాపార దార్శనికత ఏమిటి?"

"బొరుగులు నానేసినా సార్. రెండు నిమిషాలు."

"మీరు లక్ష్యంగా పెట్టుకున్న వినియోగదారులెవరు?"

"ఆటోవాళ్లు సార్. కోర్టు పని మీద పల్లెల నుంచి వచ్చేటోళ్లు. సోమవారం ఎక్కువొస్తారు, శనివారం ఒక్కపొద్దులోళ్లు రారు, ఆ పొద్దు సగమే నానేస్తా."

ఇంతకన్నా స్పష్టమైన మార్కెట్ విశ్లేషణను నేను ఏ సదస్సులోనూ వినలేదు. మేనేజరు గారు మాత్రం తమ కాగితంలో 'అవగాహన లేదు' అని రాసుకున్నారు.

"మీ ప్రధాన పోటీదారు?"

"అదో, ఎదురుగా మా ఆడబిడ్డ బండి."

"ఆమె బలహీనత?"

"పుట్నాల పొడి తక్కువేస్తాది సార్. చెయ్యి రాదు ఆమెకు."

"పదేళ్ల తరువాత మీ సంస్థ ఏ స్థాయిలో ఉండాలనుకుంటున్నారు?"

"నూనె కాగింది సార్, రోంత పక్కకు జరగండి, మీద పడ్తాది."

ఆయన జరిగారు గాని, తగ్గలేదు. ప్లేటుకు రెండు మిరపకాయ బజ్జీలకు బదులు ఒకటే పెడితే లాభం పెరుగుతుందని చెప్పారు. ఎర్రకారం వేరే గిన్నెలో పెట్టి దానికి విడిగా ధర కట్టమన్నారు. చివరకు, ఏ సలహాదారు ప్రసంగమైనా చేరవలసిన రేవుకే చేరి, వ్యాపార విస్తరణకు ధైర్యంగా బ్యాంకును సంప్రదించమని ఉద్బోధించారు. అప్పుడామె బజ్జీల గరిటె పక్కన పెట్టి, మొదటిసారి ఆయన ముఖంలోకి చూసింది.

"మీరే గదా సార్, లోనుకని వస్తే ఇద్దరు గవర్నమెంటోళ్లను షూరిటీ తెమ్మన్నారు?"

"ఇది కట్ చెయ్‌రా," అన్నారు మేనేజరు గారు మేనల్లుడితో.

నవ్వు ఇక్కడితో చాలు. చిన్న వ్యాపారాలకు అప్పులిచ్చే కేంద్ర ప్రభుత్వ ముద్ర పథకం మొదలైంది 2015 ఏప్రిల్ 8న. అందులో అన్నిటికన్నా చిన్నదైన 'శిశు' రుణం 50,000 రూపాయల వరకు ఏ పూచీకత్తూ లేకుండా ఇవ్వాలి. 2020లో వీధి వ్యాపారుల కోసమే స్వనిధి వచ్చింది, అప్పట్లో మొదటి విడత 10,000, దానికీ పూచీకత్తు లేదు. లేని నిబంధనను తన బల్ల మీద తానే పుట్టించి, ఒక ఆడమనిషిని నెలల తరబడి తిప్పుకున్న పెద్దమనిషి, ఆమె బండి ముందే నిలబడి దార్శనికత ఉందా అని అడుగుతాడా? ఆమె ఇప్పటికీ రోజు ఫైనాన్సు తీసుకుంటుంది. నోటు మీద పదివేలు, చేతికి వచ్చేది ఎనిమిదివేల ఐదువందలు, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. తీరుతున్న అసలును తీసేసి ఏడాదికి లెక్కగడితే వడ్డీ నూటికి నూరు దాటుతుంది. వాన పడి బండి పెట్టకపోయినా, పిల్లకు జ్వరమొచ్చి ఆసుపత్రిలో ఉన్నా, సాయంత్రానికి మోటారుసైకిలు వచ్చి ఆగుతుంది. ప్రైవేటు అప్పుల వసూళ్లకు తాళలేక జనం ప్రాణాలు తీసుకుంటుంటే 2010 అక్టోబరులో సూక్ష్మరుణ సంస్థల మీద ఆర్డినెన్సు తేవలసి వచ్చిన రాష్ట్రం ఇది. ఆమె బండి దుకాణం కాకపోవడం తెలివి కరువై కాదు, సలహా కరువై అంతకన్నా కాదు. ఇవ్వవలసిన డబ్బును ఇవ్వవలసినవాడు ఇవ్వలేదు. అంతే.

పరదేశీ సేవ అంటేనే నాకు గిట్టదని అనంతపురం మిత్రులు అనుకోవద్దు. బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో ఆ జిల్లాకు వచ్చి, 2009లో కన్నుమూసేదాకా అక్కడే ఉన్నారు. నలభై ఏళ్లు కరువు నేలలో ఉన్న మనిషి సలహా చెబితే వినవచ్చు. ఆయన సింహంతో ఫోటో దిగినట్టు నేనెక్కడా చదవలేదు.

మేనేజరు గారు వచ్చే ఏడు కంబోడియాకు వెళతారట. ఈసారి ఖర్చు సొంతంగా భరించలేరు కనుక మిత్రబృందం రసీదు పుస్తకాలు అచ్చువేయించి, కర్నూలు పాతబస్తీలో గాజుల కొట్లు, టైలర్లు, గానుగ నూనె దుకాణాలు, టీ బంకులు తిరుగుతోంది. చిన్న వ్యాపారులకు మేలు చేసే మనిషి ప్రయాణానికి చిన్న వ్యాపారులు చందా ఇవ్వాలన్న వారి వాదనలో తర్కదోషం ఏమీ లేదు. నా దగ్గరికీ వచ్చారు. విమానం టికెట్టులో సగం నేనే పెట్టుకుంటానని చెప్పి పంపాను, కాకపోతే ఒక చిన్న నిబంధన ఉంది: ఉగ్గాని ఆమె దరఖాస్తు పట్టుకుని మేనేజరు గారు తమ పాత శాఖకు స్వయంగా వెళ్లాలి, అక్కడి కొత్త మేనేజరు గారు షూరిటీ అడిగితే తామే సంతకం పెట్టాలి. నెలనెలా పెన్షను అందుకునే విశ్రాంత ఉద్యోగి సంతకం చెల్లుతుందో లేదో ఆయనకు నేను చెప్పనక్కరలేదు. మిత్రబృందం మళ్లీ రాలేదు.