జామినీ రాయ్ గారి నల్లగీతకు ఒక మనవి

మహారాజశ్రీ నల్లగీత గారికి,

హైదరాబాదు నుంచి ఒక ఆదివారపు చిత్రకారుడు నమస్కరించి రాసుకునేది.

బెంగాలీ చిత్రకారుడు జామినీ రాయ్ గారి బొమ్మలో అంచుగీతగా మీరెంత అమాయకంగా కనిపిస్తారండీ! నాలుగు రంగులు, పెద్ద కళ్లు, చుట్టూ మీరు. నీడల్లేవు, వెనక చెట్టూ పుట్టా లేవు. "కొత్తవాళ్లకు ఇదే ఈజీ" అంటూ మా పెయింటింగ్ క్లాసులో మొదట మిమ్మల్నే అంటగడతారు. మా అత్తగారు తొంగిచూసి, "ఇదేముంది అల్లుడుగారూ, మన చిన్నది స్కూల్లో రోజూ వేస్తోందిగా" అన్నారు. ఆవిడ చేతికే బ్రష్ ఇద్దామనిపించింది కానీ, కాపురం చేసుకునేవాణ్ని.

అచ్చం మనిషిలా ఉండే పోర్ట్రెయిట్ అయితే ఎలాగో నెట్టుకురావచ్చు. ముక్కు వంకరపోతే పక్కన కాస్త నీడ, చెయ్యి కుదరకపోతే పైన కొంగు. మీ దగ్గర ఈ సర్దుబాట్లు సాగవు. భుజం దగ్గర మొదలై పాదం దాకా ఒక్క ఊపులో లాగాలంటారు. నడుము దాటేసరికి బ్రష్‌లో రంగు అయిపోతుంది. మళ్లీ ముంచి అతికిస్తే అక్కడొక కణుపు లేస్తుంది. యాక్రిలిక్‌లో నీళ్లు ఎక్కువైతే బూడిదరంగుకు తిరుగుతారు, తక్కువైతే మధ్యలో మొరాయిస్తారు. కంటి దగ్గర మీ పెత్తనం ఇంకా ఘోరం. చెవి వైపు సాగే ఆ కంటి కొన వెంట్రుకవాసి కిందికి దిగితే చాలు, పూజకు బయల్దేరిన అమ్మాయి మొహంలోకి కరెంటు బిల్లు టెన్షన్ వచ్చేస్తుంది.

మీ పుట్టుపూర్వోత్తరాలు తెలిశాక నాకు ఒళ్లు మండింది. 1887లో బాంకురా జిల్లా బేలియాతోర్‌లో పుట్టిన రాయ్ గారు కలకత్తా ఆర్ట్ స్కూల్లో యూరోపు పద్ధతి నేర్చుకున్నారు, పోర్ట్రెయిట్లు వేసి బతికారు. 1920లలో అదంతా పక్కనపెట్టి, కలకత్తా కాళీ గుడి దగ్గర అమ్మే జానపద బొమ్మల వైపు, అంటే కాళీఘాట్ పటాల వైపు మళ్లారు. అంటే ఆయన వెలుగునీడలు వెయ్యడం వచ్చాక మానేశారు. మమ్మల్ని మాత్రం రాకముందే మానేయమంటున్నారు. ఇదెక్కడి న్యాయం?

ఆ పటాలు వేసే కాళీఘాట్ పటువాలంటారా, గుడికొచ్చే యాత్రికులకు చవగ్గా అమ్మడానికి చకచకా గీసేవాళ్లు. పొద్దస్తమానం గీసిన చేతులవి. మాది వారానికోసారి చెయ్యి, పండగొస్తే అదీ లేదు. రాయ్ గారు రంగుల్లో చింతగింజల జిగురు కలిపేవారని చదివి (మన చేర్యాల పటాలు వేసే నకాశీలు గుడ్డకు పూసే పూతలోనూ అదే ఉంటుంది) ఆ ముచ్చటా తీర్చుకుందామనుకున్నాను. ఇంట్లో స్టవ్ ఖాళీ లేదన్నారు.

కాపీ కొడుతున్నానని మాత్రం మీరు మొహం చిట్లించకండి. రాయ్ గారే కొడుకునీ శిష్యుల్నీ కూచోబెట్టుకుని ఒకే బొమ్మను మళ్లీ మళ్లీ వేయించారు. మామూలు మనుషుల గోడల మీదా ఉండాలని తక్కువ ధరకు అమ్మారు. అదే బొమ్మ ఇప్పుడు జాతీయ కళాసంపద. 1972 నాటి చట్టం కింద దేశం దాటించడానికి వీల్లేదు. నా కాపీకి అలాంటి అడ్డంకి ఏదీ లేదని డాలస్ వెళ్తున్న మా బావమరిదికి నచ్చజెప్పి చూశాను. సూట్‌కేసు తూచి, ఆవకాయకే బరువు సరిపోయిందన్నాడు.

ఇట్లు,
మీ కణుపుల బాధితుడు