ఒక్క రబ్బరు బూట్ కోసం ఇంత తిప్పలా
ఏందబ్బా ఇది, నెల రోజుల నుంచి తిరగతానే ఉండా. మా నాయన కాలం నాటి టెంపో మెటడార్ వ్యాను, వెనక సీట్లు పీకేసి పరుపు, చిన్న గ్యాస్ స్టవ్వు పెట్టుకున్నాం, శనివారం పూట మైపాడు బీచ్‌కి పోయి అందులోనే పండుకుందామని ఆశ. పోయిన నెల స్టీరింగ్ ఫుల్లుగా తిప్పితే టకటకమని ఒకటే సౌండు. కిందకి దూరి చూస్తే చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్ట్ కడ్డీ బూట్, అంటే దాని కీలుకి గ్రీజు పోకుండా తొడిగే రబ్బరు తొడుగు, చిరిగిపోయి, గ్రీజంతా చక్రం లోపల చిమ్మి ఇసకతో కలిసి అట్టకట్టుకోని ఉంది.

నెల్లూరులో ఏ షాపుకి పోయినా 'మెటడారా, అదింకా తిరగతా ఉందా అన్నా' అని ఒక నవ్వు, తర్వాత 'టెంపో ట్రావెలర్‌ది సెట్ చేసుకోండి' అని ఉచిత సలహా. ట్రావెలర్‌కి వెనక చక్రాలు కదా సామీ తోసేది, మెటడార్‌కి ముందు చక్రాలే లాగతాయి, దాని సామాను దీనికెట్టా సరిపోద్ది! బెజవాడ ఆటోనగర్‌లో ఒకాయనకి వాట్సాప్‌లో ఫొటో, కొలతలు అన్నీ పెట్టి డబ్బులు కొడితే ఏదో చిన్న కారు బూట్ పంపించాడు, అది నా బొటనవేలికి తొడుక్కోవాల. పాత బండ్ల సామాను అమ్మే చెన్నై పుదుపేట దాకా పోయినా, అక్కడ పాత షాఫ్ట్ మొత్తం కొంటేనే ఇస్తామన్నారు, దాని బూట్ కూడా చిరిగిందే.

చివరికి మా మెకానిక్కు సైకిల్ ట్యూబ్ చుట్టి బైండింగ్ వైరు కట్టాడు. ఇందుకూరుపేట దాటకముందే ఊడింది. ఇప్పుడు ఆ పరుపు మీద మా వీధి పిల్లి పండుకుంటా ఉంది.