ఖాళీ ప్రామిసరీ నోటు గారికి

అయ్యా,

ఒంటి మీద ఒక్క అంకె లేకపోయినా ఊళ్లో మీకున్న పరపతి ఇంకే కాగితానికీ లేదు. టిఫిన్ బండి కోసం మా పిన్ని యాభై వేలు అప్పు చేసిన రోజు మిమ్మల్ని దగ్గర్నుంచి చూశాను. రెవెన్యూ స్టాంపు మీద పిన్ని సంతకం, కింద సాక్షి సంతకం, మిగతాదంతా తెలుపు. ఎంతని రాయలేదేం అని పిన్ని అడిగితే, "మనలో మనకి అవన్నీ ఎందుకమ్మా" అన్నాడు అప్పిచ్చినాయన. మొదటి నెల వడ్డీ పట్టుకుని నలభై అయిదు వేలు చేతిలో పెట్టాడు. నెలకి నూటికి పది రూపాయలు. ఏడాది తిరిగేసరికి వడ్డీయే అరవై వేలయింది. అసలు ఉన్నచోటే ఉంది.

కట్టిన డబ్బుకి మీ వీపు మీద ఎవరూ చెల్లు వేయరు. మూడేళ్లకి నోటు చెల్లదంటారు గానీ, తేదీ వేయని మీకు వయసెలా వస్తుంది? కోర్టుకెక్కే ముందే మీరు పుడతారు. అప్పుడు వడ్డీ కూడా బుద్ధిగా నూటికి రెండు రూపాయలని రాస్తారు. ఆ పది నోటిమాట, నోటులోకి రాదు.

సంతకం పెట్టి ఖాళీగా ఇస్తే నింపుకోమని ఇచ్చినట్టేనట. 1881 నాటి చట్టంలో 20వ సెక్షన్ మీకోసమే పెట్టినట్టుంది. దారుణమైన వడ్డీని కోర్టు తగ్గించొచ్చని 1918లో ఇంకో చట్టం వచ్చింది, నిజమే. ఆ కోర్టు దాకా వెళ్లాలంటే వకీలు ఫీజు కావాలి. దానికి మళ్లీ మీరే దిక్కు.

మనుషులొచ్చి బండి ముందు కుర్చీ వేసుకుని అరుస్తున్నారని స్టేషన్‌కి వెళ్తే, "సివిల్ మ్యాటరమ్మా, కూర్చుని మాట్లాడుకోండి" అన్నారు. మీతోపాటు తీసుకున్న ఖాళీ చెక్కు బౌన్సయితే మాత్రం క్రిమినల్ కేసే, రెండేళ్ల దాకా జైలు.

తమిళనాడులో 2003లోనే చట్టం చేసి, అందులో మీటర్ వడ్డీ, కందు వడ్డీ, గంట వడ్డీ అని పేరుపేరునా రాసి, మూడేళ్ల దాకా జైలు పెట్టారు. అక్కడి మీ చుట్టాలకి కాస్తయినా టెన్షన్ ఉందో లేదో మీకే తెలియాలి. 2015 డిసెంబరులో విజయవాడ కాల్‌మనీ వడ్డీ వ్యాపారుల గొడవప్పుడు పోలీసులు మీ వాళ్లని కట్టలకొద్దీ పట్టుకెళ్లారు. బాకీ కట్టలేని ఆడవాళ్లని ఏం చేశారని అప్పుడు ఫిర్యాదులొచ్చాయో గుర్తొస్తే నాకు వెటకారం రావడం లేదు. అది దాటేస్తున్నాను.

సంగతేంటంటే, మొన్న పిన్ని గాజులమ్మి అసలు కూడా తీర్చేసింది. మిమ్మల్ని ఇచ్చేయమంటే బీరువా తాళాలు ఊరెళ్లాయన్నాడు. ఎప్పుడొస్తాయో కనుక్కుని చెప్పగలరు.

ఇట్లు,
మీ కింద సాక్షి సంతకం చేసినవాడు