రాహుకాలంలో సెల్ఫ్

కారు బానెట్ ఎత్తి నిలబెడితే చాలు, శుభలేఖలు పంచకుండానే జనం దిగిపోతారు. విజయవాడ సత్యనారాయణపురంలో మా అపార్ట్‌మెంటు సెల్లారుకైతే లుంగీల్లో, నోట్లో బ్రష్షుతో వస్తారు. బ్రష్షు తియ్యకుండానే రోగం పేరు చెప్పేస్తారు.

ఆ సోమవారం తెనాలిలో మా మేనకోడలి నిశ్చితార్థం. ముహూర్తం పదిన్నరకి. సోమవారం రాహుకాలం ఏడున్నర నుంచి తొమ్మిది. కాబట్టి ఏడున్నరలోపే ఇల్లు కదలాలని అత్తయ్యగారు ముందురోజే తీర్మానించి, పంచాంగం తెరిచి ఫ్రిజ్ మీద పెట్టారు. పావుతక్కువ ఏడుకల్లా చీరలూ, స్వీటు పెట్టెలూ, అత్తయ్యగారూ కార్లో సర్దుకున్నారు. తాళం తిప్పాను. ‘టక్’ అంది. మళ్లీ తిప్పాను. ‘టక్’. అంతకు మించి ఒక్క మాట ఎక్కువ మాట్లాడలేదు.

ముందుగా దిగింది మూడో అంతస్తు మేనేజరుగారు. బ్యాంకులో చేసి రిటైరయ్యారు.

“హారన్ కొట్టండి,” అన్నారు. కొట్టాను. నిద్రపోతున్నవాళ్లు కూడా లేచారు.

“చూశారా, బ్యాటరీ దివ్యంగా ఉంది. ఇది పెట్రోలు ఎయిర్‌లాకు.”

హారన్‌కి నాలుగైదు ఆంపియర్లుంటే చాలు. సెల్ఫ్ మోటారు ఇంజన్ని తిప్పాలంటే వందా, నూటయాభై, ఒక్కోసారి రెండొందలు దాకా లాగుతుంది. వంద రూపాయలు చేబదులిచ్చినవాడు ఇల్లు కొనడానికి లోన్ కూడా ఇచ్చేస్తాడనుకుంటే ఎలా? ఈ మాట బ్యాంకు మేనేజరుగారికే చెప్పాల్సిన గతి పట్టిందే అని ఊరుకున్నాను.

ఇంతలో సాఫ్ట్‌వేర్ కుర్రాడొచ్చి, “ఇమ్మొబిలైజర్ అంకుల్. తాళంలో చిప్‌ని కారు గుర్తుపట్టట్లేదు,” అన్నాడు. గుర్తుపట్టకపోతే డ్యాష్‌బోర్డు మీద తాళం బొమ్మ మిణుకుమిణుకుమనాలి. అది కిమ్మనట్లేదు. వాచ్‌మన్ మాత్రం ఎలకలు వైర్లు కొరికేశాయన్నాడు. సెల్లార్లో చెత్త పోగవుతోందని వాడు అసోసియేషన్‌కి మొరపెట్టుకోబట్టి చాలాకాలమైంది. ఏ కారు ఆగినా ఎలకలే అంటాడు. మా బావమరిది ఒక్కడే పనికొచ్చే ప్రశ్న వేశాడు: “క్లచ్ తొక్కావా బావా? కొన్ని బళ్లు తొక్కకపోతే సెల్ఫ్ తియ్యవు.” తొక్కాను. టక్.

“మా అంబాసిడర్‌కైతే ముందు హ్యాండిల్ పెట్టి తిప్పేవాళ్లం,” అని మేనేజరుగారు ఆకాశంలోకి చూశారు. నిజమే. 1912లో అమెరికాలో కాడిలాక్ కారుకి కరెంటు సెల్ఫ్ వచ్చేదాకా అందరిదీ హ్యాండిల్ బతుకే. ఇంజన్ వెనక్కి తన్నిందంటే హ్యాండిల్ తిప్పేవాడి మణికట్టు విరిగేది. మేనేజరుగారి మణికట్టు ఎందుకో చెక్కుచెదరలేదు.

చివరికి అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకున్నది తొయ్యడం. మా సెల్లారు రోడ్డు మట్టానికే ఉంది కాబట్టి బతికాం. అత్తయ్యగారిని దిగమని ఎవరు చెప్పాలన్నది తేలలేదు. “నేనెంత బరువు బాబూ,” అని ఆవిడే తేల్చేశారు. తాళం ఆన్ చేసి, రెండో గేరేసి, క్లచ్ తొక్కి పట్టుకున్నాను. వెనకనుంచి పట్టుపంచె, లుంగీ, నైట్ ప్యాంటు, వాచ్‌మన్, పాల ప్యాకెట్ల కుర్రాడూ కలిసి తోశారు. పట్టుపంచెలతో ఎంత వేగం వస్తుంది? గేటు దాటి రోడ్డెక్కి క్లచ్ వదలగానే కారు గుండె ఆగినట్టు కుదేలై నిలబడిపోయింది. సున్నుండల డబ్బా అత్తయ్యగారి ఒళ్లో పడింది. “పెళ్లివారికి ఇవ్వాల్సినవి,” అంటూ ఆవిడ లెక్కపెట్టుకోవడం మొదలెట్టారు.

అప్పుడొచ్చాడు మూల షెడ్డు మెకానిక్కు. అందరూ ఒక్కసారే రోగం చెప్పబోయారు. చెయ్యెత్తి ఆపాడు.

“హెడ్‌లైట్లెయ్యండి సార్. ఇప్పుడు సెల్ఫ్ కొట్టండి.”

టక్ అనేసరికి లైట్లు పూర్తిగా చచ్చిపోయాయి. “లైట్లు బాగా వెలుగుతూ టక్ మంటే సెల్ఫ్ మోటార్ని అనుమానించాలి. ఇట్టా చచ్చిపోయాయంటే కరెంటే అందట్లేదు,” అని బ్యాటరీ మీద చెయ్యేశాడు. మైనస్ చల్లగా ఉంది. ప్లస్ వెచ్చగా ఉంది. ఎర్రమూత తీస్తే దాని కింద తెల్లగా, పచ్చగా పొడి పేరుకుపోయి ఉంది. వైరుకీ బ్యాటరీ సీసపు మొనకీ మధ్య ఆ పొడే అడ్డం. హారన్‌కి కావాల్సిన పిసరంత కరెంటుని పోనిచ్చి, సెల్ఫ్ అడిగేసరికి చేతులెత్తేస్తోంది.

పది నంబరు పానాతో ముందు మైనస్ ఊడదీశాడు. ప్లస్ ముందు విప్పుతూ పానా బాడీకి తగిలిందో, దీపావళే. “అమ్మా, కాసిని వేడినీళ్లు,” అన్నాడు. మేనేజరుగారి డికాక్షన్ కోసం మరుగుతున్న నీళ్లు పైనుంచి దిగొచ్చాయి. ఎయిర్‌లాకుని నమ్మిన మనిషికి ఆ పూట కాఫీ కూడా ఆలస్యమైంది. నీళ్లు పోస్తే పొడంతా బుసబుసమంటూ జారిపోయింది. ఉప్పుకాగితంతో రుద్ది, ముందు ప్లస్, తర్వాత మైనస్ బిగించి, పైన వాజిలీన్ రాశాడు.

తాళం తిప్పాను. ఇంజన్ అందుకుంది.

మీటరు పెట్టి చూసి, “పద్నాలుగు పాయింట్ ఒకటి. డైనమోకి ఢోకా లేదు. పొద్దున్నుంచీ కొట్టీ కొట్టీ బ్యాటరీ దిగిపోయింది, తెనాలి దాకా ఇంజన్ ఆపకండి,” అన్నాడు.

టైము ఏడూ నలభై.

ఎవరూ వెనక సీటు వైపు చూడలేదు. ఇంజన్ ఆపకూడదని మెకానిక్కు, తొమ్మిదింటిదాకా చక్రం కదలకూడదని పంచాంగం. గంటా ఇరవై నిమిషాల్లో నూటయాభై రూపాయల పెట్రోలు నించున్నచోటే హరించుకుపోతుందని నేను మనసులో లెక్కేస్తుంటే, అత్తయ్యగారు అద్దం దించారు.

“ఏమయ్యా, కారు గేటు దాటేసరికి ఎంతయింది?”

“ఏడుంబావమ్మా. స్కూలు బస్సు అప్పుడే వచ్చింది,” అన్నాడు వాచ్‌మన్.

“అయితే ఇంకేం! గడప దాటడమే ప్రయాణం. పూర్వం ముహూర్తం దాటిపోతుందంటే సంచీ పక్కింట్లో పెట్టి ప్రస్థానం కట్టేవాళ్లం. ఇక్కడ కారూ, సున్నుండలూ, నేనూ అందరం దాటాం. పోనివ్వండి బాబూ.”

గేరేస్తుంటే మేనేజరుగారు కిటికీలోంచి తల లోపలికి పెట్టి, ఎవరికీ వినపడకుండా చెప్పారు: “ఎయిర్‌లాకేనండీ. తోసినప్పుడు వదిలింది.”